మాచర్ల దాకా మోసిన విమానం

తెనాలి తిరిగొచ్చి పదకొండు రోజులైంది. కుడి భుజం నొప్పి ఇంకా తగ్గలేదు. నాలుగడుగుల చెక్కపెట్టెను ఐదు రోజులపాటు బస్సులెక్కించి, దించి, ఒళ్ళో పెట్టుకుని, పక్కవాళ్ళ తిట్లు తింటూ పల్నాడంతా మోసుకు తిరిగాం. అందులో మా విమానం ఉంది. పల్నాడు చూడనివాళ్ళు మా ఊళ్ళో చాలామంది ఉన్నారు కాబట్టి, విమానాన్ని మోసుకుని వెళ్ళినవాళ్ళు అసలే లేరు కాబట్టి, ఇది రాస్తున్నాను.

మాది ఏడుగురు సభ్యులున్న చిన్న విమానాల క్లబ్బు. నేను హైస్కూల్లో డ్రాయింగు మాస్టర్ని. రెక్కలు కోయడం, వాటికి పలచని కాగితం అంటించడం, రంగు వేయడం నా పని. ఇంజన్ పని కరీముల్లాది. అతనికి స్కూటర్లు బాగుచేసే షెడ్డుంది. విమానాన్ని ఎగరేసేది కూడా అతనే.

ఎలా ఎగరేస్తారని అందరూ అడుగుతారు. విమానం ఎడమ రెక్క కొస నుంచి రెండు సన్నని ఉక్కు తీగలు వస్తాయి. ఎగరేసేవాడు యాభై అడుగుల దూరంలో నేలమీద నిలబడి, ఆ తీగలకున్న పిడిని పట్టుకుంటాడు. విమానం అతని చుట్టూ తిరుగుతుంది, దాంతోపాటు అతనూ తిరుగుతాడు. పిడిని వెనక్కి వంచితే అది పైకి లేస్తుంది, ముందుకు వంచితే కిందికి దిగుతుంది. ఇంకొకడు బయట మోకాళ్ళ మీద కూర్చుని, ఇంజన్ నడుస్తున్న విమానాన్ని తోక దగ్గర పట్టుకుని, సైగ రాగానే వదిలేస్తాడు. పదేళ్ళుగా ఆ ఇంకొకణ్ణి నేను.

మాచర్లలో మొదటిసారి పోటీ పెడుతున్నామని అక్కడి క్లబ్బువాళ్ళు కార్డు రాశారు. గెలిచినవాళ్ళను హైదరాబాదులో జరిగే పెద్ద పోటీకి పంపుతారు. కరీముల్లా ఇలాంటి పోటీల్లో రెండుసార్లు రెండో స్థానంలో ఆగిపోయాడు. మిగతా అయిదుగురిలో ఒకరికి పరీక్షల డ్యూటీ, ఒకరికి మినుముల నూర్పిడి, మిగిలినవాళ్ళకు ఏవో సాకులు. ఇద్దరమే బయల్దేరాం.

నరసరావుపేట

శివరాత్రి వెళ్ళి రెండు వారాలే అయింది. కోటప్పకొండ తిరునాళ్ళకు కట్టిన ప్రభల వెదుళ్ళు దారిపొడుగునా గుట్టలు పడి ఉన్నాయి. గుంటూరు నుంచి బస్సులో పెట్టెను మా ఇద్దరి మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకున్నాం.

"ఏందన్నా అది, చిన్నపిల్లల పాడె లెక్కన?" అన్నాడు కండక్టరు.

"విమానం," అన్నాను.

"అయితే దాంట్లోనే పోకపోయారా, మా బస్సెందుకు?" అని, దానికి కూడా అర టికెట్టు కొట్టాడు.

ఫిరంగిపురం దాటాక బస్సంతా ఆసుపత్రి వాసన. మా సంచిలో ఈథర్ సీసా బిరడా ఊడింది. ఈథర్, కిరసనాయిలు, ఆముదం కలిపితేనే మా ఇంజన్ తాగుతుంది. ముందు సీట్లో ఇద్దరు బీడీలు కాలుస్తున్నారు. కరీముల్లా లేచి, "బీడీలు ఆర్పండయ్యా, అంటుకుందంటే అందరం పోతాం!" అని కేకేశాడు. డ్రైవరు బస్సాపి మమ్మల్ని దింపేశాడు. సంచి ఆరేదాకా ఎండలో నిలబడి, తర్వాతి బస్సు పట్టుకున్నాం.

పేటలో ఈథర్ కోసం మూడు మందుల షాపులు తిరిగాం. మూడో షాపు శెట్టిగారు కళ్ళజోడు పైనుంచి చూశాడు. "ఎవరికయ్యా ఆపరేషను?"

"మనిషిక్కాదండీ, బొమ్మ విమానానికి."

ఆయన నమ్మలేదు. అక్కడే కౌంటరు మీద పెట్టె తెరవాల్సి వచ్చింది. నీలం రంగు రెక్క మీద వేలితో నిమిరి, "ఇంత తేలికా!" అని, లోపలికెళ్ళి భార్యను పిలుచుకొచ్చాడు. ఆమె చూసి, "గాజుపెట్టెలో పెట్టుకోక దీన్ని ఊళ్ళు తిప్పుతారేంది?" అంది. ఈథర్ ఇచ్చారు, మంచినీళ్ళిచ్చారు, కూర్చోమని బల్ల వేశారు.

ఆ బల్ల మీదే ఇంధనం కలుపుదామని కొలత గ్లాసు తీశాను. కరీముల్లా దాన్ని ఎత్తి వెలుగులో పెట్టి చూసి, మళ్ళీ నా చేతికిచ్చాడు. "మీరు పొయ్యండి మాస్టారూ."

పదేళ్ళలో అతను ఆ పని నాకెప్పుడూ ఇవ్వలేదు. తీసుకుని పోశాను. నిజం చెప్పాలంటే, పోయిన వానాకాలం నుంచే అతని చూపు మీద నాకు అనుమానం. మరమేకు పడిపోతే చూపుతో కాకుండా అరచేత్తో నేలను తడిమి వెతికేవాడు. ఎండలో ఎగరేసేప్పుడు ఒక్కోసారి పిడిని ఆలస్యంగా తిప్పేవాడు. చూసి ఊరుకున్నాను. మూడోసారైనా మొదటి స్థానం రావాలని అతనికెంత ఉందో నాకూ అంతే ఉంది.

ఆ మధ్యాహ్నం హోటల్లో నాలుగు రూపాయల భోజనం. గోంగూర, వంకాయ కూర. మా తెనాలిలో కారం ఎక్కువైందంటే సర్వరు పెరుగు తెస్తాడు. ఇక్కడ చెబితే, "అది కారమా?" అని నిజంగా ఆశ్చర్యపోయి చూశాడు.

పిడుగురాళ్ళ

మర్నాడు బస్సు టైరు పంక్చరై పిడుగురాళ్ళలో గంటన్నర ఆగాం. ఊరి నిండా సున్నపు బట్టీలు. ఇళ్ళ కప్పులు, వేపాకులు, గేదెల వీపులు, అన్నీ తెల్లగా పిండి చల్లినట్టున్నాయి. టీకొట్టులో అర్ధరూపాయి టీ తాగుతుంటే బట్టీ నుంచి వచ్చిన ఒక కూలీ మా ఎదురుగా కూర్చున్నాడు. రెప్పల మీద కూడా సున్నమే.

"కళ్ళు మండవా?" అని అడిగాను.

"మండుతయ్. సాయంత్రం ఆముదం చుక్క ఏసుకుంటాం. అయినా ముసలోళ్ళయ్యేలోపే సగం మందికి చూపు మందగిస్తది." వాతావరణం సంగతి చెప్పినంత మామూలుగా చెప్పాడు.

కరీముల్లా టీ సగంలో వదిలేసి లేచి, పంక్చరు వేస్తున్న కుర్రాడి దగ్గరకెళ్ళి నిలబడ్డాడు.

మా వైపు వరి కోసి, మినుము తీసి, చేలన్నీ మట్టిరంగులో ఉంటాయి ఈ రోజుల్లో. ఇక్కడ రోడ్డుకు రెండువైపులా కళ్ళాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. మైళ్ళ తరబడి అదే ఎరుపు. చూడ్డానికి బాగుంది కానీ, బస్సు కదిలిందంటే అందరం తుమ్ములే. పొలం గట్ల మీద కంచెలకు బదులు నాపరాళ్ళు నిలువునా పాతారు. నీళ్ళకన్నా రాయి చవకైన చోటు ఇది.

గురజాల

మాచర్లలో జనం మధ్య ఎగరేసేముందు ఒకసారి సాధన చేయాలని గురజాలలో దిగాం. ఊరి బయట బీడు దొరికింది. మధ్యాహ్నం మూడు గంటలు. ఎండ చల్లబడేదాకా ఆగుదామన్నాను. కరీముల్లా వినలేదు.

నేను పట్టుకున్నాను, అతను చెయ్యెత్తాడు, వదిలాను. మూడు చుట్లు చక్కగా తిరిగింది. నాలుగో చుట్టులో సూర్యుడి ఎదురుగా వచ్చినప్పుడు విమానం దిగిపోవడం మొదలెట్టింది. కరీముల్లా ముఖం పైకే ఉంది, చెయ్యి కదల్లేదు. సరిగ్గా అప్పుడే ఒక ఆడమనిషి నెత్తిన చీల్చిన వెదురుబద్దల మోపుతో డొంకలోంచి బీట్లోకొచ్చింది.

"పైకి! పైకి లాగు!" అని అరిచాను.

విమానం ఆ మోపును కొట్టుకుంది. మోపు కింద పడింది, ఆమె దాని పక్కన పడింది. పరుగెత్తుకెళ్ళేసరికి ఆమె లేచి కూర్చుని కొంగు దులుపుకుంటోంది. ఒంటిమీద గీత కూడా పడలేదు.

"ఏందయ్యా ఇది? మనుషులు నడిచే దోవ కనపడలా మీకు? ఒక జానెడు కిందికొస్తే నా మెడకాయ తెగేది గదా!"

"తప్పయిందమ్మా," అన్నాను. కరీముల్లా మా దగ్గరకొచ్చి, నేలను తడుముతూ వెదురుబద్దలు ఏరడం మొదలెట్టాడు.

ఆమె మమ్మల్నిద్దర్నీ చూసింది, నేలమీద రెక్క విరిగి పడున్న విమానాన్ని చూసింది. కోపం కొంత దిగింది. "దీన్ని చేసింది నువ్వేనా?" అని నన్నడిగింది. అవునన్నాను. "ఎన్నాళ్ళు పట్టింది?"

"ఏడు నెలలు."

"ఆ మోపెత్తుకోండి, ఇంటికి పదండి. రెక్కలో పుల్లలేగా ఇరిగింది."

ఆమె పేరు సైదమ్మ. ఇంట్లో అందరూ బుట్టలు, చేటలు అల్లుతారు. నాపరాళ్ళు కప్పిన వసారాలో కూర్చోబెట్టి, మాకు జొన్న సంగటి, పచ్చిపులుసు పెట్టింది. మేం తింటుండగానే తన కత్తితో వెదురును కాగితమంత పలచగా చీల్చింది. నా దగ్గర బొంబాయి నుంచి తెప్పించిన మెత్తని బాల్సా చెక్క ముక్కలున్నాయి. వాటిని గోటితో గిల్లి చూసి, "ఇది చెక్కేంది, బెండు లెక్కనుంది" అని పక్కన పడేసింది. విరిగిన రెక్క ఎముకలకు ఆమె వెదురు చీలికలే కట్టాం. కాగితం అంటించి, పైన పూసిన జిగురు ఆరేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. ఆ రాత్రి వాళ్ళ వసారాలోనే పడుకున్నాం.

వచ్చేటప్పుడు ఏమన్నా ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది. "అన్నా, ఒక్క మాట," అంది నాతో, కరీముల్లా పెట్టె కడుతుంటే. "ఆయనకి చూపు ఆనట్లా. నేను దోవలోకొచ్చి శానాసేపైంది. నా వంక రెండుసార్లు చూశాడు గానీ, నేను కనపళ్ళా ఆయనకి. నీకు తెలవదా?"

పెట్టె రెండో కొస పట్టుకోవడానికి వెళ్ళిపోయాను.

మాచర్ల

రెంటచింతల మీదుగా మాచర్ల చేరేసరికి సాయంత్రమైంది. బస్టాండులో సాగర్ డ్యాము చూడ్డానికొచ్చిన యాత్రికులు, పత్తి వ్యాపారులు, కొత్తగా వచ్చిన మండలాఫీసు కాగితాల కోసం తిరిగేవాళ్ళు. అందరూ గట్టిగా మాట్లాడతారు. మొదట్లో పోట్లాటేమో అనుకున్నాం; చూస్తే ఒకరినొకరు టీకి పిలుస్తున్నారు.

పోటీ కాలేజీ మైదానంలో. రెండు రౌండ్లు, మార్కులు రెండూ కలుపుతారు. తొమ్మిది విమానాలొచ్చాయి. జడ్జీ వైమానిక దళంలో పనిచేసి రిటైరైన పెద్దాయన. మీసం మీద వేలేసుకుని మాట్లాడేవాడు.

మొదటి రౌండు పొద్దున ఏడింటికి. ఎండ ఇంకా మెత్తగా ఉంది. నేను వదిలాను. ఆ తర్వాత నాలుగు నిమిషాలు నేను కూడా జనంలో ఒకణ్ణే. వరుసగా మూడు పల్టీలు, ఒకదాని మీద ఒకటి అచ్చుగుద్దినట్టు. తలకిందులుగా రెండు చుట్లు, నేలకు నడుమెత్తులో. తర్వాత గాల్లో ఎనిమిది అంకె. కరీముల్లా మధ్యలో తిరుగుతుంటే, అతను విమానాన్ని తిప్పుతున్నాడో అదే అతణ్ణి తిప్పుతోందో చెప్పలేకపోయాం. దిగినప్పుడు దుమ్ము కూడా లేవలేదు. జడ్జీ మీసం మీంచి వేలు తీసి చప్పట్లు కొట్టాడు.

అందరికన్నా ముందున్నాం. రెండోవాడు, మిర్యాలగూడ నుంచి వచ్చిన బ్యాంకు గుమాస్తా, మాకన్నా చాలా వెనక ఉన్నాడు. రెండో రౌండులో పడిపోకుండా దింపితే చాలు.

మా వంతు వచ్చేసరికి పదకొండైంది. మైదానమంతా తెల్లగా మెరుస్తోంది. ఆ రోజు సంతేమో, జనం రెట్టింపయ్యారు. సున్నంతో గీసిన గీత దాటి ముందుకొచ్చేశారు. తాళ్ళు పట్టుకున్న కుర్రాళ్ళు వెనక్కి నెడుతున్నారు, వాళ్ళు మళ్ళీ ముందుకొస్తున్నారు. ఒక పెద్దాయన మనవణ్ణి భుజాలమీదికి ఎక్కించుకుని అందరికన్నా ముందు నిలబడ్డాడు.

"కరీముల్లా, సాయంత్రం దాకా వాయిదా అడుగుదామా?" అన్నాను.

"ఎందుకు? ఏమైంది?" అన్నాడు గట్టిగా. అంత గట్టిగా నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. పిడి తీసుకుని మధ్యకు నడిచాడు.

ఇంజన్ నడిపించాను. మోకాళ్ళ మీద కూర్చుని తోక పట్టుకున్నాను. ఆముదం పొగ నా ముఖం మీదికి కొడుతోంది. ఇంజన్ మొదలయ్యాక నిమిషంలోపు గాల్లోకి లేవాలి, లేకపోతే ఆ రౌండు పోయినట్టే.

కరీముల్లా నవ్వుతూ ఎడమచెయ్యి ఎత్తాడు. అది నా వైపు కాదు. నాకు రెండు గజాల పక్కన, తాడు పట్టుకుని నిలబడ్డ ఒక కుర్రాడి వైపు చూస్తూ ఎత్తాడు. సూర్యుడు నా వీపు వెనకే ఉన్నాడు. అతనికి నేనెక్కడున్నానో తెలియదు.

నేను వదల్లేదు.

మళ్ళీ చెయ్యెత్తాడు. "వదలండి మాస్టారూ!"

విమానం చేతుల్లో గింజుకుంటోంది. దాన్ని వదలడం పదేళ్ళుగా నా చేతులకు అలవాటు. వేళ్ళను బలవంతంగా బిగించి పట్టుకోవాల్సి వచ్చింది.

"వదలండి! టైమైపోతాంది!" జనం కూడా అరవడం మొదలెట్టారు. "ఏందిరా ఆయన, ఇడవడేంది?" అని ఎవరో ఈల వేశారు. జడ్జీ గడియారం చూసి, నన్ను చూసి, మళ్ళీ గడియారం చూశాడు. నేను తలొంచుకుని తోకను పొట్టకు అదుముకున్నాను. నిమిషం దాటింది. విజిల్ ఊదారు. ఇంధనం అయిపోయేదాకా ఇంజన్ నా ఒళ్ళో అలా అరుస్తూనే ఉండి, ఆగిపోయింది.

కరీముల్లా తీగను చేత్తో పట్టుకుని, దాని వెంబడే నా దగ్గరకొచ్చాడు.

"ఎందుకిట్టా చేశారు?"

"నేనెక్కడున్నానో నీకు కనపళ్ళేదు."

"మీరు కనపడకపోతే ఏమైంది? పిట్ట కనపడేది." మా విమానాన్ని అతను పిట్ట అనే అంటాడు.

"సైదమ్మ కనపడిందా?"

పిడికి తీగ చుడుతూ, "పెట్టె కట్టండి," అన్నాడు.

మిర్యాలగూడ గుమాస్తా గెలిచాడు. కప్పు చేతిలో పెట్టుకుని మా దగ్గరకొచ్చాడు. "ఏమైంది సార్, గట్లెందుకు జేసిన్రు? మీ మొదటి రౌండు జూసి, మేమంతా ఇగ సామాన్లు సర్దుకుందామనుకున్నం," అన్నాడు. ఇంజన్ బాగాలేదన్నాను. కరీముల్లా తల తిప్పి నావైపు చూశాడు. ఇంజన్ బాగాలేదని అతని ఎదుట ఎవరైనా అన్నది అదే మొదటిసారి.

తిరుగు దారి

మర్నాడు మాచర్ల నుంచి బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. పెట్టె మా మోకాళ్ళ మీద. గురజాల దాటింది, పిడుగురాళ్ళ దాటింది, అతను పెట్టె తాడు ముడి విప్పుతూ, మళ్ళీ కడుతూ ఉన్నాడు. నేను తప్పు చేశానా అని ఒకసారి, ఆర్నెల్ల ముందే చేయాల్సింది అని ఒకసారి, ఇదే తిప్పితిప్పి ఆలోచించాను. చివరికి ఆలోచించే ఓపిక కూడా పోయింది. కిటికీకి తల ఆనించి నిద్రపోయాను.

భుజం తట్టి లేపాడు. "పేటలో దిగుదాం. ఇక్కడ కంటి డాక్టరున్నాడంట, కండక్టర్నడిగా."

డాక్టరు పడుచువాడు. చుక్కలు వేసి, చీకటి గదిలో కూర్చోబెట్టి, చాలాసేపు చూశాడు. "రెండు కళ్ళల్లోనూ శుక్లాలు. కుడిది ఎక్కువ. ఎన్నాళ్ళయింది మసకలు?"

"రెండేళ్ళు," అన్నాడు కరీముల్లా.

నేను ఆర్నెల్లనుకున్నాను. రెండేళ్ళు! మేం ఎగరేసేప్పుడు మా స్కూలు పిల్లలు ఎన్నిసార్లు గీత చుట్టూ కూర్చున్నారో గుర్తొచ్చింది.

"ఇంకా ముదరాలి. చలికాలంలో తీసేద్దాం. తర్వాత లావు అద్దాలు పెట్టుకోవాలి. షెడ్డు పని చేసుకోవచ్చు. గిర్రున తిరిగే పనులు మాత్రం వద్దు. ఆ అద్దాల్లోంచి దూరం అంచనా తెలియదు."

కరీముల్లా తలూపాడు. డాక్టరుకు దణ్ణం పెట్టి బయటికొచ్చాడు. చుక్కల వల్ల వెలుగు భరించలేక కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి పట్టుకుని స్టేషనుకు తీసుకెళ్ళాను.

నరసరావుపేట స్టేషను

గుంటూరు పాసెంజరు రెండు గంటలు లేటు. సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. ఒళ్ళంతా పులిసిపోయి ఉంది. అతను తువ్వాలు ముఖం మీద కప్పుకున్నాడు.

"రెండేళ్ళ నుంచా?" అన్నాను.

"చెబితే మీరు ఎగరనియ్యరుగా."

"ఎగరనిచ్చేవాణ్ణేనేమో. అదే భయంగా ఉంది నాకు. నాకూ కొంత తెలుసు కరీముల్లా. తెలిసీ ఊరుకున్నాను."

అతను తువ్వాలు ముఖం మీదికి ఇంకా లాక్కున్నాడు. "ఆమె బాగుంది గదా? ఆ సైదమ్మ. నిజంగా దెబ్బ తగల్లేదుగా?"

"తగల్లేదు."

"రాత్రుళ్ళు అదే కనపడతాంది నాకు," అన్నాడు. తర్వాత, ఎప్పటినుంచో అనుకుంటున్నట్టు, "వచ్చే ఏడు మీరే ఎగరేయాల," అన్నాడు.

"నేనా? నాలుగు చుట్లు తిరిగితే నాకు తల తిరుగుద్ది."

"తలని తిప్పబట్టి తిరుగుద్ది. లేవండి."

"ఇక్కడా? స్టేషన్లోనా?"

"లేవండి మాస్టారూ. కుడిచెయ్యి చాపండి. బొటనవేలిని చూడండి, ఇంక దేన్నీ చూడొద్దు. నడుముతో గాదు, పాదాలతో తిరగండి."

నలభై ఆరేళ్ళ డ్రాయింగు మాస్టర్ని, పంచె ఎగ్గట్టి, ప్లాటుఫారం మీద చెయ్యి చాపి తిరగడం మొదలుపెట్టాను. అరటిపళ్ళు అమ్ముకునే ఆవిడ తట్ట దించి చూస్తోంది. "ఏమైందయ్యా ఆయనకి?" అని పోర్టరు అడిగితే, "నేర్చుకుంటన్నాడు," అన్నాడు కరీముల్లా తువ్వాలు తీయకుండానే.

అతను నా చెప్పుల చప్పుడు వింటున్నాడు. "ఎడమకాలు ఈడుస్తున్నారు... ఆఁ, ఇప్పుడు బాగుంది... తొందరొద్దు... మళ్ళీ కిందికి చూశారు గదా? అడుగు తడబడింది." పోర్టరు నాకు తగలకుండా సామాన్ల బండిని పక్కకు లాగాడు.

ఏడు చుట్లు తిరిగాను. ఎనిమిదో దాంట్లో స్టేషను, వేపచెట్లు, అరటిపళ్ళు అన్నీ కలిసి నామీదికొచ్చాయి. కూలబడ్డాను. ఆవిడ గట్టిగా నవ్వింది.

కరీముల్లా తువ్వాలు తీసి, కళ్ళు మూసుకునే నా వైపు చెయ్యి చాపాడు. ఈసారి చెయ్యి సరిగ్గా నా భుజం మీద పడింది.

"పిట్టని పగలగొట్టారు," అన్నాడు. "ఫర్లేదు. మొదట్లో నేనూ చానా పగలగొట్టా. లేవండి."